చవక యుకులేలే కొంటున్నారా? వాయించడానికి పనికొచ్చేది ఏరుకోవడం ఇలా

ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, చవక యుకులేలేల (గిటార్ లాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం) దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు నిజంగానే మద్దెల ఓడుగా ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్ళు వీడియో చూసి రెండు వేళ్ళతో ఎఫ్ కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) పట్టుకుంటారు, వీడియోలో తియ్యగా వినిపించింది ఇక్కడేమో వంకరగా వినిపిస్తుంది, ట్యూనర్ పెట్టి చూస్తే విడి తీగలు నాలుగూ కరెక్ట్‌గానే ఉంటాయి, దాంతో తప్పు నా చేతిదే, నాకు సంగీతం రాసిపెట్టి లేదు అనేసుకుని కొన్నాళ్ళకి దాన్ని అటకెక్కించేస్తారు. పాపం చేతి తప్పేం ఉండదు, ఆ వాయిద్యమే మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే సన్నటి కమ్మీ) దగ్గర శృతి తప్పుతుంటుంది.

అందుకే డబ్బు తక్కువున్నప్పుడు వెతకాల్సింది గొప్ప సౌండ్ కాదు, ఖరీదైన చెక్క కాదు, అందం అసలే కాదు. రెండే రెండు చూడాలి: ఏ ఫ్రెట్ నొక్కినా శృతిలో పలకాలి, నొక్కితే వేళ్ళు పుండ్లు పడకూడదు. ఈ రెండూ ఉంటే సౌండ్ కాస్త డబ్బాలా ఉన్నా హాయిగా నేర్చేసుకోవచ్చు. ఇవి లేకపోతే పైన ఎన్ని మెరుపులున్నా పైన పటారం లోన లొటారమే.

స్టెప్ 1: ముందు సైజు తేల్చుకోండి

సైజులు నాలుగు. సోప్రానో, కాన్సర్ట్, టెనర్, బారిటోన్. వీటిలో అసలు తేడా తీగ పొడవు, అంటే పైన తీగలు ఆనే నట్ నుంచి కింద పెట్టెకి అతికించిన బ్రిడ్జి మీదున్న శాడిల్ దాకా ఉండే దూరం, దీన్నే స్కేల్ అంటారు. సోప్రానోకి సుమారు 33 నుంచి 35 సెంటీమీటర్లు, కాన్సర్ట్‌కి 38, టెనర్‌కి 43, బారిటోన్‌కి 48 పైనే.

బారిటోన్ ముందే పక్కన పెట్టేయండి. మిగతా మూడింటికీ మామూలుగా జి సి ఇ ఎ ట్యూనింగ్ (నాలుగు తీగల స్వరాలు వరసగా) ఉంటే దీనికి డి జి బి ఇ, అంటే గిటార్‌లో సన్నటి నాలుగు తీగల్లాగా. కొత్తవాళ్ళ కోసం ఉన్న పాఠాలు దాదాపు అన్నీ జి సి ఇ ఎ మీదే ఉంటాయి కాబట్టి చవగ్గా దొరికింది కదా అని బారిటోన్ తెచ్చుకుంటే అందులో చూపించే ఒక్క కార్డ్ కూడా మీ దగ్గర అదే పేరుతో పలకదు.

సోప్రానో అన్నిటికన్నా చిన్నది, సాధారణంగా అన్నిటికన్నా చవక కూడా. పాత సైజు కూడా ఇదే, 1879లో రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో మదీరా దీవి నుంచి హవాయికి వచ్చిన పోర్చుగీసు వలస కూలీల్లో చెక్కపని తెలిసిన వాళ్ళు కొందరున్నారు, వాళ్ళ ఊరి చిన్న నాలుగు తీగల వాయిద్యమే అక్కడ యుకులేలే అయింది. సరే చరిత్ర పక్కన పెడితే, సోప్రానోతో ఒక చిక్కుంది. తీగ ఎంత పొట్టిగా ఉంటే తయారీలో చిన్న తేడా కూడా చెవికి అంత పెద్దగా తెలుస్తుంది. నట్ దగ్గర తీగ కొంచెం ఎత్తులో ఉంటే టెనర్ మీద ఏదోలా సర్దుకుపోవచ్చు, సోప్రానో మీద మాత్రం సూటిగా చెవిలో గుచ్చుకుంటుంది. పైగా పెద్ద వేళ్ళున్నవాళ్ళకి డి కార్డ్ లాంటివాటిలో మూడు వేళ్ళు ఒకే ఫ్రెట్‌లో ఇరికించడం కష్టం.

నన్నడిగితే పెద్దవాళ్ళకి కాన్సర్ట్ బెస్ట్, పిల్లలకి సోప్రానో. కానీ మీ దగ్గరున్న డబ్బులకి మంచి సోప్రానో, నాసిరకం కాన్సర్ట్ ఈ రెండే వస్తుంటే కళ్ళు మూసుకుని సోప్రానో తీసేస్కోండి.

స్టెప్ 2: చెక్క గురించి ఎక్కువ ఆలోచించకండి

సాలిడ్ చెక్క అంటే ఒకే పలక, లామినేట్ అంటే పల్చటి పొరలు అతికించింది. సాలిడ్ సౌండ్ బాగుంటుంది, నిజమే, కానీ గాలిలో తేమ తగ్గినా పెరిగినా అది సాగుతుంది ముడుచుకుంటుంది, సరిగా చూసుకోకపోతే పగులుతుంది కూడా. లామినేట్ మొండిది, పెద్దగా పట్టించుకోదు. ఇంకో లెక్క కూడా చూడండి, తయారుచేసేవాడి దగ్గర ఖర్చు పెట్టగలిగే మొత్తం ఎంతో కొంత ఫిక్స్ అయి ఉంటుంది, అందులో ఎక్కువ భాగం సాలిడ్ పలకకి పోతే ఫ్రెట్లు నున్నగా చెయ్యడానికి, నట్ సరిగా కొయ్యడానికి ఏం మిగుల్తుంది? అందుకే మరీ తక్కువ ధరలో "సాలిడ్ టాప్" అని కనిపిస్తే నాకైతే అనుమానమే వస్తుంది. లామినేట్ మహోగని చాలు, కాలా కంపెనీ కెఎ-15 లాంటివి ఎన్నాళ్ళ నుంచో కొత్తవాళ్ళ చేతుల్లో నలుగుతున్నాయి.

ప్లాస్టిక్ అనగానే ముఖం చిట్లించకండి. 1949లో మారియో మకఫెర్రీ అనే గిటార్ తయారీదారు ఐలాండర్ పేరుతో ప్లాస్టిక్ యుకులేలే తీశాడు, ఆటబొమ్మ ధరలో నిజంగా వాయించుకోదగ్గ వాయిద్యం అది. కిటుకు ఏంటంటే అచ్చులో పోసిన ఫ్రెట్ బోర్డు ప్రతిసారీ ఒకేలా వస్తుంది, అచ్చు కరెక్ట్‌గా ఉంటే ఫ్రెట్ల దూరాలన్నీ కరెక్టే. ఇప్పుడు కాలా వాటర్‌మ్యాన్, వెనక భాగం ప్లాస్టిక్‌తో వచ్చే ఫ్లైట్ టియుఎస్-35, కార్బన్ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్‌తో చేసే ఎన్యా నోవా యు లాంటివి ఇదే దారిలో నడుస్తున్నాయి. ప్లాస్టిక్ ఫ్రెట్లు లోహం కన్నా తొందరగా అరుగుతాయి, అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు, నైలాన్ లాంటి మెత్తటి తీగలే వాడుతున్నన్నాళ్ళు అది పెద్ద సమస్యేం కాదు.

స్టెప్ 3: చూడగానే వదిలెయ్యాల్సినవి

స్కేల్ పొడవు గానీ మోడల్ పేరు గానీ ఎక్కడా రాయకుండా "21 ఇంచుల రంగురంగుల యుకులేలే" అని మాత్రమే ఉన్నవి వద్దు. ఉక్కు తీగలు వేసి అమ్ముతున్నవి అస్సలు వద్దు, మామూలు యుకులేలే బ్రిడ్జి అంత లాగుడు తట్టుకోలేదు, కొన్నాళ్ళకి పైపలక ఉబ్బడమో బ్రిడ్జి ఊడి రావడమో జరుగుతుంది. అసలు జి సి ఇ ఎ ట్యూనింగ్‌లో నిలబడదు అని రివ్యూల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తే నమ్మండి, ఒకరిద్దరంటే కొత్త తీగల సాగుడు అనుకోవచ్చు, అందరూ అంటే తీగలు బిగించే పెగ్గుల్లోనే లోపం.

పెగ్గుల్లో రెండు రకాలుంటాయి. పక్కకి చెవుల్లా పొడుచుకొచ్చేవి మామూలుగా గేర్ ఉన్నవి, పెగ్ చాలా చుట్లు తిప్పితే గానీ లోపలి కడ్డీ ఒక్క చుట్టు తిరగదు కాబట్టి నిదానంగా శృతి పట్టొచ్చు. తలకి వెనక వైపు నేరుగా ఉండేవి ఎక్కువగా ఫ్రిక్షన్ పెగ్గులు, రాపిడితోనే ఆగుతాయి, ఎంత తిప్పితే అంత తిరుగుతుంది. ఖరీదైన ఫ్రిక్షన్ పెగ్గులు బాగుంటాయి, చవకవి జారిపోతూ ప్రాణం తీస్తాయి. తక్కువ బడ్జెట్‌లో గేర్ పెగ్గులే తీసుకోండి.

ఇంక ఆ కాంబో ప్యాక్‌లు. బ్యాగు, బెల్టు, ట్యూనర్, పిక్‌లు, అదనపు తీగలు, పుస్తకం అన్నీ కలిపి ఇస్తున్నారంటే అవన్నీ ఆ ధరలోంచే వచ్చాయని అర్థం, ఎవరూ పుణ్యానికి ఇవ్వరు. ట్యూనర్ ఫోన్‌లో ఫ్రీ యాప్ ఉంటుంది, పిక్ అవసరమే లేదు వేళ్ళతోనే వాయిస్తారు. బ్యాగొక్కటి పనికొస్తుంది.

స్టెప్ 4: చేతిలోకి తీసుకుని పరీక్షించడం

అసలు పనంతా ఇక్కడే ఉంది కాబట్టి హడావుడి పడకండి. షాపులో అయినా ఇంటికి పార్సిల్ వచ్చాక అయినా ఇదే పద్ధతి. ఫోన్‌లో ట్యూనర్ యాప్, ఒక స్కేలు, ఒక ప్లాస్టిక్ కార్డు, చిన్న కాగితం ముక్క దగ్గర పెట్టుకోండి.

ముందు స్కేలుతో కొలవండి. నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా ఎంతుంది, 12వ ఫ్రెట్ నుంచి శాడిల్ మీద తీగ ఆనే చోటు దాకా ఎంతుంది చూస్కోండి. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉండాలి, అక్కడ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి, అదీ లెక్క. నొక్కినప్పుడు తీగ కొంచెం సాగి శృతి పైకి పోతుంది కాబట్టి దాన్ని సరిచెయ్యడానికి శాడిల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి పెడతారు. అంటే రెండో కొలత మొదటి దానికన్నా ఒకట్రెండు మిల్లీమీటర్లు ఎక్కువుంటే మంచిది. తక్కువుందనుకోండి, బ్రిడ్జిని తప్పు చోట అతికించారని అర్థం, తీగలు మార్చినా ఏం చేసినా అది బాగుపడదు, వెనక్కి ఇచ్చేయండి. ఈ ఒక్క కొలత చాలా తలనొప్పిని ముందే తీసేస్తుంది, తీగలు మీటాల్సిన పని కూడా లేదు.

తర్వాత శృతి చెయ్యండి, జి సి ఇ ఎ. మీ గడ్డం వైపు ఉండే జి తీగ సన్నగా, సి కన్నా పై శృతిలో ఉంటుంది, అది చూసి తీగలు తారుమారయ్యాయని కంగారు పడొద్దు, యుకులేలే అంతే. కింది తీగ ఎ 440 హెర్ట్జ్ దగ్గర ఉండాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. ప్రతి తీగనీ విడిగా సరిగ్గా శృతి చేసి, మొదటి ఫ్రెట్ దగ్గర మామూలుగా నొక్కి మీటి ట్యూనర్ చూడండి. జి తీగ మీద జి షార్ప్, సి మీద సి షార్ప్, ఇ మీద ఎఫ్, ఎ మీద బి ఫ్లాట్ రావాలి. ట్యూనర్ ముల్లు ఐదారు సెంట్లు అటూ ఇటూ ఉంటే చాలా బాగున్నట్టు, పది దాకా సర్దుకోవచ్చు, పదిహేను ఇరవై సెంట్లు పైకి పోతోందంటే నట్ మీద తీగలు కూర్చునే గాడులు లోతుగా కొయ్యలేదు అని. (ఒక ఫ్రెట్ స్వరానికీ పక్క ఫ్రెట్ స్వరానికీ మధ్య 100 సెంట్లు అనుకోండి.) తీగ నట్ దగ్గర ఎత్తులో ఉంటే మొదటి ఫ్రెట్ దాకా దాన్ని లాగి నొక్కాల్సొస్తుంది, లాగితే బిగుసుకుని శృతి పైకి పోతుంది, వేలూ నొప్పి పుడుతుంది. చవక యుకులేలేల్లో నాకు ఎక్కువగా తగిలే లోపం ఇదే, మొదట్లో చెప్పిన ఎఫ్ కార్డ్ గొడవకి కారణం కూడా సాధారణంగా ఇదే. కంటితో కూడా పట్టేయొచ్చు: తీగని రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి, కాగితం మందం సందుంటే భేష్, ప్లాస్టిక్ కార్డు సులువుగా దూరిపోతుంటే నట్ మరీ ఎత్తు.

12వ ఫ్రెట్ దగ్గర కూడా ఇలాగే నాలుగు తీగలూ చూడండి, విడి తీగ ఏ స్వరమో నొక్కినప్పుడూ అదే రావాలి, పై స్థాయిలో. పది సెంట్ల లోపు ఉంటే చవక వాయిద్యానికి అది గొప్పే. కానీ అందులో ఒక్క తీగ మాత్రమే బాగా తేడా కొట్టి మిగతా మూడూ బాగుంటే తీగ నాసిరకం కావచ్చు, మార్చితే పోతుంది, నాలుగూ ఒకే వైపు తేడా కొడితే శాడిల్ ఎత్తో బ్రిడ్జో చూడాలి. అక్కడే తీగ ఎత్తు కూడా కొలవండి, 12వ ఫ్రెట్ పైనుంచి తీగ కిందివైపు దాకా రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటే నొక్కడానికి సుఖంగా ఉంటుంది.

ఆ తర్వాత ఓపిగ్గా ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటి నొక్కుతూ మీటుకుంటూ పొండి. ఎక్కడైనా జుయ్యిమని చప్పుడొస్తే ఆ తర్వాతి ఫ్రెట్ ఎత్తుగా ఉండొచ్చు. ప్లాస్టిక్ కార్డు అంచుని మూడు ఫ్రెట్ల మీద పెట్టి అటూ ఇటూ ఊపండి, ఊగితే మధ్య ఫ్రెట్ పైకి లేచి ఉన్నట్టే. ఒక్క ఫ్రెట్ అలా ఉంటే రిపేర్ చేసేవాళ్ళు సరిచేస్తారు, మూడు నాలుగు చోట్ల ఊగితే వదిలెయ్యండి.

మెడ పక్క అంచుల మీద అరచేతిని పైనుంచి కిందకి నెమ్మదిగా జారవిడవండి, ఫ్రెట్ల చివర్లు గీరుకుంటున్నాయా? కొద్దిగా అయితే సన్నటి ఆకురాయితో నున్నగా చేసుకోవచ్చు. బ్రిడ్జి అంచుల కింద కాగితం దూర్చి చూడండి, ఎక్కడా దూరకూడదు. పెట్టెని వేలి కణుపుతో తట్టండి, లోపల ఏదో ఊగులాడుతున్న చప్పుడొస్తే లోపలి చెక్క బద్ద ఊడిందేమో. చివరగా తల వైపు నుంచి ఒక కన్ను మూసి మెడ పొడవునా చూడండి, మెలిక తిరిగి ఉంటే ఇక ఎన్ని సుగుణాలున్నా వద్దు.

స్టెప్ 5: ఆన్‌లైన్‌లో కొంటుంటే

ఒకే మోడల్‌లోనే ఒకటి బాగుండి ఇంకోటి చెత్తగా ఉండటం ఈ ధరల్లో మామూలే, కాబట్టి బ్రాండ్ కన్నా ఎవరి దగ్గర కొంటున్నారన్నది ముఖ్యం. పంపే ముందు తీగల ఎత్తు, నట్ సరిచేసి పంపే వాయిద్యాల షాపులు కొన్నుంటాయి, దాన్నే సెటప్ అంటారు. అదే యుకులేలేకి అక్కడ కొంచెం ఎక్కువ తీసుకున్నా నేనైతే అక్కడే కొంటాను, సెటప్ చేసిన చవక లామినేట్ ముందు సెటప్ లేని రెట్టింపు ధరదాన్ని పెట్టినా కొత్తవాళ్ళ చేతికి మొదటిదే సుఖంగా ఉంటుంది. సెటప్ లేకపోతే కనీసం రిటర్న్ గడువు ఎంతుందో చూస్కోండి, వాపస్ పంపడానికి కొరియర్ ఖర్చు ఎవరిదో కూడా. ఫోటోల్లో నట్, బ్రిడ్జి దగ్గరగా కనిపించేలా లేకపోతే అడిగి తెప్పించుకోండి. డబ్బా ముక్కలు, ప్యాకింగ్ గడువు అయ్యేదాకా పారెయ్యకండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా మంచిది, ఉన్న డబ్బుకే ఒక మెట్టు పై రకం వస్తుంది. కొని అటకెక్కించినవాళ్ళు అమ్మేవే ఎక్కువ కాబట్టి చాలావరకు కొత్తవాటిలానే ఉంటాయి. పై పరీక్షలన్నీ అమ్మేవాళ్ళ ముందే చెయ్యండి, మొహమాట పడొద్దు. తీగలు పాతబడి ఉంటే దాన్ని తప్పుగా లెక్కెయ్యకండి, పగుళ్ళు, బ్రిడ్జి లేవడం, పెట్టె ఉబ్బడం మాత్రం చూడండి. ఎండలో కారులో ఉంచిన వాటికి జిగురు వదిలేసి ఉండొచ్చు.

స్టెప్ 6: మిగిలిన డబ్బు దేనికి పెట్టాలి

తీగలకి. చవక వాటితో వచ్చే తీగలు చాలాసార్లు నాసి నైలాన్, ఎంత బిగించినా సాగుతూనే ఉంటాయి. అకీలా నైల్‌గట్ లాంటివో ఫ్లోరోకార్బన్ తీగలో వేస్తే సౌండే మారిపోతుంది. కొనేటప్పుడు సైజు చూస్కోండి, సోప్రానో తీగలు టెనర్‌కి సరిపోవు. కొన్ని మోడల్స్ మంచి తీగలతోనే వస్తాయి, అప్పుడు ఈ ఖర్చు కూడా ఉండదు.

12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా ఉంటే శాడిల్ బయటికి తీసి అడుగున గరుకు కాగితం మీద సమంగా రుద్దొచ్చు, 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటర్ దిగాలంటే శాడిల్ ఒక మిల్లీమీటర్ అరగాలి. పైన కాదు, అడుగునే రుద్దాలి. ముందు పెన్సిల్‌తో గీత గీసుకోండి, తక్కువ తక్కువ రుద్దుతూ తీగలు ఎక్కించి చూస్తూ ఉండండి, ఎక్కువ అరిగితే కొత్త శాడిల్ కొనాల్సిందే. ఫ్రిక్షన్ పెగ్ జారుతుంటే చివర చిన్న స్క్రూ ఉంటుంది, పావు చుట్టు బిగించండి. నట్ గాడులు మాత్రం సొంతంగా కొయ్యకండి, సన్నటి ప్రత్యేకమైన ఆకురాళ్ళు కావాలి, పిసరంత ఎక్కువ తెగిందంటే విడి తీగ జుయ్యిమంటుంది. తీగ వాయిద్యాలు రిపేర్ చేసేవాళ్ళకి ఇది చిన్న పని, కొనేముందే వాళ్ళెంత తీసుకుంటారో కనుక్కుని ఆ మొత్తం బడ్జెట్‌లో కలుపుకోండి.

కొత్త తీగలు మొదటి వారం రోజులు అస్తమానం దిగిపోతుంటాయి. ఒక్కో తీగని మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగి వదిలి మళ్ళీ శృతి చెయ్యండి, రోజుకి నాలుగైదు సార్లు ఇలా చేస్తే తొందరగా కుదురుకుంటాయి. కుదురుకున్నాక, రిటర్న్ గడువు దాటకముందే, మొదటి ఫ్రెట్, 12వ ఫ్రెట్ పరీక్షలు ఇంకోసారి చెయ్యండి, సాగుతున్న తీగ మీద ట్యూనర్ చూపించే అంకె ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది.